తలుపు గడియ పెట్టిన పిల్ల

నా సర్వీసు మొత్తంలో నాకు మెమో వచ్చింది ఒక్కసారే. ఆలస్యంగా వచ్చినందుకో, సిలబస్ పూర్తి చేయనందుకో కాదు. పదో తరగతి పిల్లలకు ఒక సినిమా చూపించినందుకు. ఈమధ్య ఒక ట్రైనింగులో కొత్తగా చేరిన సోషల్ టీచర్లు కొందరు "మేడం, మీ అనుభవాలు ఏమన్నా చెప్పండి" అని పట్టుబట్టారు. నవ్వొచ్చే సంగతులు రెండు చెప్పి కూర్చున్నాను. ఇంటికొచ్చాక, చెప్పాల్సింది అది కాదు కదా అనిపించింది. మైకు ముందు చెప్పలేనిది కాబట్టి ఇలా రాస్తున్నాను.

మాది కల్లూరు వైపు, వ్యవసాయం ఇల్లు. పెళ్లయ్యాక సారపాక వచ్చాను. మా ఆయనది అక్కడ మిల్లులో ఉద్యోగం. నేను చివరగా పనిచేసింది దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఉన్న ఆడపిల్లల హాస్టల్ బడిలో. బడి పేరు రాయను. పిల్లలంతా చుట్టుపక్కల గూడేల వాళ్లు. ఇంట్లో కోయ మాట్లాడతారు, బడిలో ఒకరితో ఒకరు తెలుగు మాట్లాడతారు, పుస్తకంలో ఉండే తెలుగు మాత్రం వాళ్లకు మూడో భాష. రోజూ గోదావరి వంతెన దాటి, భద్రాచలంలో బస్సు మారి వెళ్లేదాన్ని.

పదో తరగతి సోషల్‌లో రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలం గురించి పాఠం ఉంటుంది. నాజీలు యూదులను చంపిన సంగతి అందులో ఒక పేరా. అరవై లక్షల మంది. ఆ పేరాను నేను ఏళ్ల తరబడి ఒకే రకంగా చెప్పాను. కారణాలు మూడు పాయింట్లు, ఫలితాలు నాలుగు పాయింట్లు, ఇది ముఖ్యం, గీత గీసుకోండి. పిల్లలు స్కేలు పెట్టి నీటుగా గీత గీసుకునేవాళ్లు. గంట కొట్టేవాళ్లు. నేను చాక్‌పీసు చేతులు దులుపుకుని బయటికి వచ్చేదాన్ని.

ఒక వేసవిలో ఖమ్మంలో పుస్తకాల ప్రదర్శన పెడితే వెళ్లాను. అక్కడ ఒక తెలుగు అనువాదం దొరికింది. ఆ క్యాంపుల్లో బతికి బయటపడిన ఒకావిడ ముసలితనంలో రాసుకున్న పుస్తకం. పాఠానికి పనికొస్తుందని కొన్నానే తప్ప వేరే ఉద్దేశం లేదు. బస్సులో చదవడం మొదలుపెట్టి దిగాల్సిన చోట దిగకుండా ముందుకు వెళ్లిపోయాను. అందులో ఒకచోట, తిండి లేక ఎముకలు తేలిన ఆడవాళ్లు రోజూ ఒకరికొకరు వంటలు చెప్పుకునేవాళ్లని ఉంది. మా ఇంట్లో ఇలా చేస్తాం, మేం ఉల్లిపాయ ఇంతసేపు వేయిస్తాం, కాదు కాదు అంతసేపు వేయిస్తే మాడుతుంది అని పోట్లాడుకునేవాళ్లట. ఆ పూట నేను పొయ్యి దగ్గర నిలబడి పోపు గింజలు చేతిలో పట్టుకుని ఎంతసేపు ఉన్నానో తెలియదు. మా ఆయన వచ్చి గ్యాస్ కట్టేశారు.

ఆ తర్వాత ఆగలేదు. దొరికిన పుస్తకమల్లా చదివాను. ఇంగ్లిష్ పుస్తకాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మిల్లులో మా ఆయన స్నేహితుడొకాయనకు సినిమాల పిచ్చి ఉంది. ఆయన దగ్గర నుంచి పెన్‌డ్రైవ్‌లో వరసగా సినిమాలు తెప్పించుకుని ఆదివారాలు మధ్యాహ్నం చూసేదాన్ని.

"వారానికొక్క సెలవు. ఆ పూట కూడ ఈ ఏడుపేంది?" అనేవారు మా ఆయన, పేపరు చాటు నుంచి.

"ఏడుపు కాదండీ, చరిత్ర."

"చరిత్ర అయితే కళ్లు తుడుచుకో మరి."

ఒక సంగతి ఒప్పుకోవాలి. అలా ఏడ్చినందుకు నాకు నా మీద గౌరవం పెరిగింది. నా తోటి టీచర్లలో ఎవరికీ లేని మనసేదో నాకుందని అనుకునేదాన్ని. ఎక్కడో చలి దేశంలో, నేను పుట్టకముందు పోయిన మనుషుల కోసం ఏడవగల మనిషిని కదా. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

అలా ఏళ్లు గడిచాక ఒక ఏడు మా బడికి కొత్త ప్రొజెక్టర్ వచ్చింది. దాన్ని చూడగానే నాకు ఆలోచన వచ్చింది. స్టాఫ్‌రూంలో చెప్తే మా లెక్కల సార్ ఒప్పుకోలేదు. ఆయన మధిర వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు కానీ మాట పదునుగా ఉంటుంది.

"మేడం గారూ, మీరు చూడండి, కాదనను. పిల్లలకెందుకండీ? పరీక్షలకు నెలా పదిహేను రోజులుంది."

"మనుషులు ఎంత దూరం దిగజారతారో వాళ్లకూ తెలియాలి కదా సార్."

ఆయన ఒక్క క్షణం నా వైపు చూశారు. "తెలియదంటారా?" అన్నారు. నేను ఆ మాట పట్టించుకోలేదు.

పెద్ద మేడం, అంటే మా హెడ్‌మిస్ట్రెస్, ఖమ్మం ఆవిడ. ఫైలు మీద సంతకాలు చేస్తూ తల ఎత్తకుండానే అడిగారు.

"దేశభక్తి సినిమానా?"

"చరిత్ర సినిమా మేడం."

"పాటలు గిట్ల ఉన్నయా?"

"ఒక్కటి కూడా లేదు."

"అయితే చూపియ్యి."

పాటలు లేవు కాబట్టి సినిమా మంచిదే అయి ఉంటుందని ఆవిడ నమ్మకం. నాకూ అంతకంటే లోతుగా ఆలోచించే తీరిక లేకపోయింది.

ఫిబ్రవరి మొదట్లో ఒక శనివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక డైనింగ్ హాల్లో ఏర్పాటు చేశాం. కిటికీలకు హాస్టల్ దుప్పట్లు కట్టారు. పదో తరగతి పిల్లలు ముప్పై మందికి పైగా కింద కూర్చున్నారు. మొదట్లో సంబరంగానే సాగింది. మంచు పడుతుంటే "ఉప్పు పోసినట్టుంది మేడం" అని ఒకరు, ఆ దేశంలో పిల్లలు బూట్లతోనే ఇంట్లోకి పోతున్నారని ఇంకొకరు. నేను పక్కన నిలబడి ఏ మాటకామాట తెలుగులో చెప్తున్నాను. యూదుల పిల్లలను బడి నుంచి వెళ్లగొట్టే చోట హాలు నిశ్శబ్దమైంది. నాకు లోపల సంతోషం వేసింది, పాఠం అందుతోందని.

తర్వాత ఒక వీధిని ఖాళీ చేయించే దృశ్యం వస్తుంది. సైనికులు తలుపులు బాదుతుంటారు. కుక్కలు మొరుగుతుంటాయి. జనం చేతికందిన మూటలతో మెట్లు దిగుతుంటారు. ఒకావిడ అంత తొక్కిసలాటలోనూ వెనక్కి వెళ్లి తన ఇంటికి తాళం వేసుకుంటుంది. ఆ తాళం గురించి చెప్పాలని నేను ముందే అనుకుని ఉన్నాను. ఇంకా నోరు తెరవలేదు, వెనక వరస నుంచి ఒక పిల్ల లేచింది.

మంచి పిల్ల. ఎక్కువ మాట్లాడదు. మ్యాపులు గీయడంలో క్లాసులో దాని తర్వాతే ఎవరైనా. బాత్రూంకేమో అనుకున్నాను. ఆ పిల్ల నడుచుకుంటూ వెళ్లి హాలు తలుపులు రెండూ దగ్గరికి వేసింది. పైగడియ పెట్టింది. కింది గడియ పెట్టింది. వీపు తలుపుకు ఆనించి మా వైపు తిరిగి నిలబడింది. కోయలో ఏదో మెల్లగా అంది.

ముందు వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. "ఏంటమ్మా, వచ్చి కూర్చో" అన్నాను. కదలలేదు. వెనక కూర్చున్న పిల్లలకు ఆ మాట వినబడినట్టుంది, వాళ్ల ముఖాలు మారిపోయాయి. నేను కంగారుగా సినిమా ఆపాను. సరిగ్గా అప్పుడే బయట నుంచి మా హాస్టల్ ఆయా తలుపు కొట్టింది, సాయంత్రం గుగ్గిళ్లు తెచ్చి.

ఆ చప్పుడుకు పిల్ల తలుపు వెంబడి జారి కింద కూలబడింది. అరవలేదు. అరుపు బయటికి రాకుండా రెండు చేతులతో తన నోరు తానే మూసుకుంది. అంత గట్టిగా మూసుకుంది, వేళ్ల చుట్టూ చెంపలు తెల్లబడ్డాయి. నేను దగ్గరికి పోతే ఇంకా ముడుచుకుపోయింది. పదేళ్ల పైనుంచి ఆ క్యాంపుల గురించి చదువుతున్నదాన్ని, నా ముందు కూర్చుని వణుకుతున్న పిల్లతో ఏం మాట్లాడాలో తెలియక నిలబడిపోయాను.

లోపల నుంచి పిల్లలు సంగతి చెప్తే, ఆయా తలుపు అవతల నుంచే కోయలో మాట్లాడటం మొదలుపెట్టింది. పాపను నిద్రపుచ్చేటప్పటి గొంతు. చాలాసేపు మాట్లాడింది. చివరికి పిల్ల లేచి గడియలు తీసింది.

తర్వాత ఆయాను పక్కకు పిలిచి అడిగాను, పిల్ల ఏమందని.

"చప్పుడు చేయకుండ్రి, వస్తున్నరు అన్నదట మేడం."

ఆయాది దగ్గరి గూడెమే. ఆమెకు ఏదో తెలుసని నాకనిపించింది. అడిగితే, "దాని ముచ్చట అది చెప్పాలె, నేను చెప్తనా?" అని గిన్నెలు తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఆదివారం, తల్లిదండ్రులు వచ్చే రోజు. ఆ పిల్ల తమ గూడెం వాళ్లెవరితోనో కలిసి ఇంటికి వెళ్లింది. సోమవారం రాలేదు. ఆ వారమంతా రాలేదు. వేరే పిల్ల తండ్రి ఒకాయన, బడిలో పిల్లలకు భయం సినిమాలు చూపిస్తున్నారని పైఆఫీసుకు చెప్పాడు. నాకు మెమో వచ్చింది. సిలబస్‌లో లేని సినిమాను ఎవరి అనుమతితో చూపించారో పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.

కసిగా రాశాను. రెండు పేజీలు. చరిత్ర బోధనలో దృశ్య మాధ్యమం, విద్యార్థినుల్లో మానవీయ విలువల పెంపు, ప్రపంచ పౌరసత్వం. రాసి చదువుకుంటే నాకే ముచ్చటేసింది. పెద్ద మేడంకు చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండు పేజీలూ చివరిదాకా చదివారు.

"మంచిగ రాసినవ్" అన్నారు. "ఆ పిల్ల గురించి ఒక్క లైన్ లేదు."

నేను కాగితాలు తీసుకుని బయటికి వచ్చాను. వరండాలో నిలబడి మళ్లీ చదివాను. నిజంగానే లేదు.

పది రోజులకు హాజరు తక్కువైన వాళ్ల జాబితా తయారైంది. అందులో ఆ పిల్ల పేరుంది. ఇంకో రెండు వారాలు రాకపోతే పరీక్ష రాయనివ్వడం కష్టం. ఆదివారం ఆయాను తోడు తీసుకుని బయలుదేరాను. రోడ్డు ఉన్నంతవరకు ఆటోలో, అక్కడి నుంచి నడక. ఒక వాగు దాటాలి, ఆ నెలలో మోకాలు లోతు కూడా లేదు. దారంతా ఆయా ముందు, నేను వెనక.

గూడెంలో ఇరవై ఇళ్ల లోపే. మట్టి గోడలు, మీద తాటాకు, కొన్నిటికి నీలం ప్లాస్టిక్ పట్టా. బోరింగు కూడా లేదు, చెలమ నీళ్లే. అక్కడికి పోయేదాకా ఆ పిల్ల ఎలాంటి చోట నుంచి వస్తోందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. బడిలో చేర్చుకున్నప్పుడు రిజిస్టరు రాసింది నేనే. పుట్టిన ఊరు అనే గడిలో, ఆ పిల్లను తెచ్చి దింపినాయన చెప్పిన గూడెం పేరే రాసేశాను. పిల్లను అడగలేదు. అక్కడ ఏళ్ల కిందట అడవి తప్ప ఏమీ లేదని, ఆ ఇళ్లవాళ్లంతా రాష్ట్రం సరిహద్దు అవతల నుంచి వచ్చినవాళ్లని జిల్లా అంతా తెలిసిన సంగతే. తెలిసి కూడా ఆ గడి అలా నింపాను.

తల్లి అప్పుడే మిరప చేలో కూలి నుంచి వచ్చింది. ఎర్రగా మండుతున్న చేతులను బూడిదతో రుద్దుకుంటోంది. మమ్మల్ని చూసి చాప వేసింది, అంబలి ఇచ్చింది. చేలల్లో పనికి పోయి నేర్చుకున్న తెలుగు కొంచెం వచ్చు ఆమెకు.

"పిల్లకు జరం పంతులమ్మా. ఇగ రాదు."

"తప్పు నాదేనమ్మా" అన్నాను. "నేను చూపించకూడనిది చూపించాను. పిల్లను పరీక్ష అయినా రాయనివ్వు."

గుడిసెలోంచి పిల్ల బయటికి వచ్చింది. చిక్కిపోయింది. నాకు ఎదురుగా కూర్చుని, క్లాసులో డౌటు అడిగినట్టే అడిగింది.

"మేడం, నా కల వాళ్లకెట్ల తెలిసింది?"

నాకు అర్థం కాలేదు. "ఏ కల?"

"నాకు చిన్నప్పటి సంది వస్తది. ఎవరో తలుపు కొడతరు. కుక్కలు మొరుగుతయి. అంత ఎర్రగైతది. నా నోరు మీద చెయ్యి ఉంటది, ఊపిరాడది. అమ్మ మా పూజారి వడ్డె దగ్గర తాయెత్తు కట్టిచ్చింది, అయినా వస్తది." మెడలో నల్లదారం పట్టుకుని చూపించింది. "గా సినిమా తీసినోళ్లకు నా కల ఎట్ల తెలిసింది?"

నేను ఆయా వైపు చూశాను. ఆయా ఆ తల్లి వైపు చూసింది. తల్లి చేతులు రుద్దుకోవడం ఆపింది. కోయలో ఒక్క మాట అంది. పిల్ల ఒక్కసారిగా తల్లి వైపు తిరిగింది.

"కల కాదు అంటున్నది మేడం" అంది ఆయా.

తర్వాత తల్లి చెప్పుకుంటూ పోయింది. ఆయా కొంత నాకు తెలుగులో చెప్పింది, కొంత చెప్పలేక ఊరుకుంది. సరిహద్దుకు అవతల, అడవిలో పదకొండు ఇళ్ల ఊరు. పిల్లకప్పుడు నాలుగేళ్లు. తండ్రి సంతకు పోయి ఉన్నాడు. తుపాకులున్నవాళ్లు వచ్చారు. ఎవరని అడిగాను నేను, సోషల్ టీచర్ని కదా. "తుపాకులున్నోళ్లు" అని మళ్లీ అదే మాట అంది. ఇళ్లు తగలబెట్టారు. ఆమె పిల్లను చంకనేసుకుని, నోరు మూసి, వెనక వైపు నుంచి అడవిలోకి పోయింది. మూడు రోజులు నడిచి సరిహద్దు ఇవతలికి వచ్చింది. నెల తర్వాత భర్త వెతుక్కుంటూ వచ్చాడు.

"దానికి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే? బడిల ఎవరన్నా అడిగితే గీ ఊరే అని చెప్పాలె గద. లేకుంటే ఎల్లగొడ్తరు. చిన్న పిల్ల, నోరు జారుతది. కల అని చెప్పినం."

ఆమెకు కళ్ల నీళ్లు వస్తున్నాయి కానీ మిరప చేతులు కాబట్టి తుడుచుకోలేదు. మోచేయి పైకెత్తి భుజంతో అద్దుకుంది. రిజిస్టరులో ఆ గడి నింపిన చెయ్యి నా ఒళ్లోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

పిల్ల ఏడవలేదు. లేచి గుడిసె చుట్టూ ఒకసారి నడిచి వచ్చింది. మళ్లీ కూర్చుంది.

"మేడం, గా సినిమాల వాళ్లు బతికిండ్రా?"

"కొంతమంది బతికారు. చాలామంది బతకలేదు."

"మిగిలింది చూపిస్తరా? చూసినంకనే పరీక్షకు చదువుత."

తల్లి ఆయాను ఏదో అడిగింది, ఆయా చెప్పింది. "నేను కూడ వస్త" అంది తల్లి.

బడికి వచ్చి చెప్తే లెక్కల సార్ తల పట్టుకున్నారు. "చేతిలో మెమో పెట్టుకుని మళ్లీ సినిమానా మేడం?" అన్నారు. ఆ తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఇంకో మాట. అది వేరు, ఇది వేరు. రెండూ ఒకటేనని మాత్రం ఆ పిల్లకు చెప్పకండి" అన్నారు.

ఆయన మాట నిజం. ఒక దేశం తన ఆఫీసులు, రైళ్లు, కార్ఖానాలు అన్నీ పెట్టి ఒక జాతిని పసిపిల్లలతో సహా లేకుండా చేయాలని కూర్చోవడం వేరు. దాన్ని ఇంకొకదానితో కొలిస్తే రెండింటికీ అన్యాయమే. ఆ తేడా నేను ఈ రోజుకీ క్లాసులో చెప్పినట్టే చెప్తాను. కానీ నాలుగేళ్ల పిల్ల నోటి మీద తల్లి చెయ్యి పెట్టినప్పుడు ఆ పిల్లకు ఆడని ఊపిరి ఏ దేశంలోనైనా ఒకటే. పాఠం చెప్పేవాళ్లు రెండూ గుర్తుపెట్టుకోవాలి. నేను మొదటిది తెలుసుకుని రెండోది మరిచాను.

పెద్ద మేడం మాత్రం ఎక్కువ ఆలోచించలేదు. "ఈసారి నేను కూడ కూసుంట. పగటిపూట పెట్టు. తలుపులు తీసి పెట్టు" అన్నారు.

మెమో సంగతి ఇక్కడే ముగించేస్తాను. రాసిన రెండు పేజీలు చించేసి నాలుగు లైన్లు రాశాను. పిల్లల్లో ఎవరు ఏ కష్టం చూసి వచ్చారో తెలుసుకోకుండా చూపించాను, ఒక పిల్ల భయపడి బడి మానింది, తప్పు నాది, తిరిగి తీసుకొచ్చాను అని. ఇకముందు జాగ్రత్తగా ఉండవలెనని హెచ్చరించి వదిలేశారు. ఆ హెచ్చరిక మీకూ పనికొస్తుంది. ఇలాంటి పుస్తకాలు చదవండి, సినిమాలు చూడండి, పిల్లలకూ చూపించండి. చూపించే ముందు, ఎదురుగా కూర్చున్నది ఎవరో తెలుసుకోండి. ఏం రాబోతోందో ముందే చెప్పండి. ఆపమంటే ఆపండి. ఆ పిల్ల పరీక్షలు రాసింది, పాసైంది, భద్రాచలంలో ఇంటర్ చేరింది. తర్వాత నర్సింగ్ చదివింది. ఇప్పుడు ఎక్కడ పనిచేస్తోందో నాకు తెలుసు, కానీ రాయను.

ఆ రెండో సినిమా రోజు గురించి చెప్పి ఆపేస్తాను.

బుధవారం పొద్దున పది గంటలకు, స్టాఫ్‌రూంలో. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. వరండాలో ఆరో తరగతి పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి, దాని ముందు పిల్లను కూర్చోబెట్టి, పొడుగు బటన్ చూపించాను. "వద్దనుకున్నప్పుడు ఇది నొక్కు. ఎన్నిసార్లయినా." ఆ పిల్ల చూపుడు వేలు చివరిదాకా ఆ బటన్ మీదే ఉంచింది. పక్కన తల్లి. వెనక ఆయా, పెద్ద మేడం, నేను.

మూడుసార్లు ఆపింది. తాళం వేసుకునే ఆవిడ దగ్గర ఆపినప్పుడు తల్లి తెరకు దగ్గరగా వంగి చూసింది. "ఆమెకు తలుపు ఉంది, తాళం ఉంది" అంది. "మాది తడక. అడ్డం పెట్టి వచ్చిన." పిల్ల మళ్లీ బటన్ నొక్కింది.

సినిమా చివర, బతికి బయటపడిన ఒక అమ్మాయి యుద్ధం అయ్యాక తన వీధికి తిరిగి వస్తుంది. ఆ ఇళ్లలో ఇప్పుడు వేరేవాళ్లు ఉంటారు. ఆమె వీధి మధ్యలో నిలబడి ఒక్కో ఇంటి వైపూ చూస్తూ, అక్కడ ఉండినవాళ్ల పేర్లు తనలో తాను చెప్పుకుంటుంది. ఆ పేర్లు కూడా నేను ఒక్కొక్కటిగా పలుకుతూ పోయాను.

"ఏం చేస్తున్నది ఆమె?" అని తల్లి అడిగింది.

"ఏ ఇంట్లో ఎవరుండేవాళ్లో చెప్తోంది."

"అందరు గుర్తున్నరా ఆమెకు?"

"గుర్తున్నారు."

తెర నల్లబడింది. తల్లి కోయలో మొదలుపెట్టింది. ఏదో చెప్తోందని నేను ఆయా వైపు చూశాను. ఆయా తెలుగులోకి మార్చలేదు. మార్చడానికి అందులో మాటలు లేవు, అన్నీ పేర్లే. వాగు వైపు నుంచి మొదటి ఇల్లు, రెండో ఇల్లు, చేత్తో గాలిలో చూపిస్తూ చెప్పింది. పిల్ల తన సంచిలోంచి రఫ్ నోటుబుక్ తీసింది. తల్లిని ఆగమని, మళ్లీ చెప్పమని, తెలుగక్షరాల్లో రాయడం మొదలుపెట్టింది. ఒకచోట ఒత్తు పెట్టాలా వద్దా అని నన్ను అడిగింది. ఆ పేరు నేనెప్పుడూ విననిది. "మీ అమ్మ ఎలా పలికితే అలా రాయమ్మా" అన్నాను.

పది ఇళ్లయ్యాయి. పదకొండోది వాళ్ల ఇల్లు. తండ్రి పేరు చెప్పింది, తన పేరు చెప్పింది. కూతురి పేరు చెప్తే కూతురు చిన్నగా నవ్వి రాసుకుంది. అయిపోయిందనుకుని పెన్ను మూత పెట్టబోతుంటే తల్లి ఇంకో పేరు చెప్పింది.

"గిదెవరు?" అంది పిల్ల తెలుగులోనే.

తల్లి కూడా తెలుగులోనే చెప్పింది. ఎందుకలా చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా ఆ సంగతి ఇంటి మాటలో చెప్పలేకపోయిందేమో.

"మీ అక్క. నాకు రెండు చేతులే గద బిడ్డా. ఒకటి నీ నోరు మీద పెట్టిన. ఇంకోదానితోని దాని చెయ్యి పట్టుకున్న. వాగు కాడ జారింది."

వరండాలో ఎక్కాలు ఆగాయి. గంట కొట్టే టైము కూడా కాదు, ఎందుకాగాయో. పెద్ద మేడం కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. పిల్ల నోటుబుక్ దగ్గరికి జరుపుకుంది. పెన్ను మూత పక్కన పెట్టింది. ఆ పేరు నేను ఇక్కడ రాయను, అది వాళ్లది. తన పేరుకు పైన కొంచెం ఖాళీ ఉంటే, అక్కడ ఇరికించి రాసింది.

"ఎన్నేండ్లుండె దానికి?"

"ఏడు."

పిల్ల ఆ పేరు పక్కన ఏడు అంకె వేసింది. దాన్నే చూస్తూ మెల్లగా అంది.

"అక్కే గని, నాకంటె చిన్నది."